లాకు తలుపులు, రొయ్యల చెరువు: కొత్తగా రాస్తున్న అమ్మాయికి ఒక ఉత్తరం

అమలాపురం

అమ్మాయ్,

నువ్వు పంపిన డాక్యుమెంట్ రెండుసార్లు చదివా. రొయ్యల చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లని నడిపించే కంట్రోలర్ ఎలా పనిచెయ్యాలో ఇరవై పేజీలు రాశావు, కష్టపడ్డావని తెలుస్తోంది, కానీ నేను మూడో పేజీలోనే ఒక వాక్యం దగ్గర ఆగిపోయా, ఈ ఉత్తరమంతా దాని గురించే అనుకో. "ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏరియేటర్లు ఆటోమేటిక్‌గా ఆన్ అవ్వాలి."

ఎంతకి తగ్గితే? తగ్గి ఎంతసేపుంటే? నాలుగు మూలలా నాలుగు సెన్సార్లుంటే ఒకటి తగ్గితే చాలా, నాలుగూ తగ్గాలా? మళ్ళీ ఆఫ్ ఎప్పుడు? ఇవన్నీ ప్రోగ్రామర్ అడుగుతాడులే అనుకుంటావేమో, అడగడమ్మా, రాత్రి పదకొండింటికి తనకి ఏది తోస్తే అది రాసేసి పడుకుంటాడు, తప్పు అతనిది కాదు. గోదారికి వరదొస్తే మన దగ్గర ఎవరైనా "నీళ్ళు ఎక్కువయ్యాయి" అని ఊరుకుంటారా? ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎక్కడ కొలవాలో తెలుసు, ఎంతో తెలుసు, అది వినగానే లంకల్లో వాళ్ళు పశువుల్ని ఎప్పుడు గట్టెక్కించాలో కూడా తెలుసు. అలా ఉండాలి వాక్యం అంటే.

అయితే అంకె ఒక్కటీ పెడితే సరిపోదు, అది నాకు చాలా ఖరీదుగా తెలిసింది. కొన్నేళ్ళ కిందట మా బావమరిది వనామీ రొయ్యల చెరువుకి అలారం పెట్టించాడు, అది ఎలా పనిచెయ్యాలో చెప్పే స్పెసిఫికేషన్ రాసింది నేనే. "రీడింగ్ 4 పీపీఎం కంటే తగ్గితే అలారం మోగాలి" అని రాశా (పీపీఎం అంటే పది లక్షల పాళ్ళ నీళ్ళలో ఎన్ని పాళ్ళు ఆక్సిజన్ అని). చూడ్డానికి ఇందులో తప్పేముంది? ఒకరోజు రాత్రి సెన్సార్ వైరు ఊడింది, డబ్బా మాత్రం ఆఖరిసారి వచ్చిన 5.6నే పట్టుకుని తెల్లవార్లూ అదే చూపించింది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారగట్లే కదా, రాత్రంతా నాచుకి ఎండ ఉండదు, అది ఆక్సిజన్ ఇవ్వకపోగా తనే పీల్చుకుంటుంది. నాలుగింటికి కాపలా కుర్రాడు టార్చి వేస్తే రొయ్యలన్నీ గట్టువార పైకి తేలి ఉన్నాయి, ఆ వెలుగుకి కళ్ళు ఎర్రగా మెరుస్తూ వేలకి వేలు. ఇంకో రెండు వారాల్లో పట్టుబడి.

తర్వాత కూర్చుని చూస్తే ప్రోగ్రామ్ నేను రాసిన వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. రీడింగ్ తగ్గలేదు కాబట్టి అలారం మోగలేదు. నేను కాపాడాలనుకుంది నీళ్ళని, రాసింది మీటర్ గురించి. ఆ రోజు నుంచి ఆ వాక్యాన్ని ఇలా రాస్తున్నా: "ఆక్సిజన్ 4 కంటే తగ్గలేదని చెప్పే కొత్త రీడింగ్ గత రెండు నిమిషాల్లో ఒక్కటి కూడా రాకపోతే అలారం మోగాలి." ఇప్పుడు వైరు ఊడినా మోగుతుంది, బ్యాటరీ చచ్చినా మోగుతుంది (అలారానికి వేరే బ్యాటరీ ఉండాలనుకో, అదీ రాయాలి). రైల్వే సిగ్నల్ వాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు, పట్టాల్లో పారే కరెంటు రిలే అనే ఒక స్విచ్చిని పట్టి ఉంచుతుంది, రైలొచ్చినా కరెంటు పోయినా రిలే పడిపోయి సిగ్నల్ ఎర్రబడుతుంది.

ఇంక ఫార్మల్ మెథడ్స్ (ప్రోగ్రామ్ పాటించాల్సిన నియమాల్ని గణితంలో రాసి సరిచూడడం) అంటే గుర్తులూ లెక్కలూ, నాకు రావు బాబాయ్ అన్నావు ఫోన్లో. లాకుల దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళలేదు నువ్వు! కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేశాక ఈ కాలవలు పొలాలకే కాదు పడవలకీ దారి అయ్యాయి, పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగాలంటే లాకు కావాలి. ఎగువ తలుపులు, దిగువ తలుపులు, మధ్యలో గది. ఆ తలుపులు తీసి మూసేవాడు లస్కర్. లస్కర్‌కి ఎవరూ గణితం నేర్పలేదు కానీ ఒక్క నియమం మాత్రం ప్రాణం పోయినా తప్పడు. దాన్ని తెలుగులో రాసి చూడు. "రెండు తలుపులు తెరిచి ఉండకూడదు" అంటే ఏ రెండు? "రెండు తలుపులూ తెరిచి ఉండకూడదు" అంటే అసలు ఏదీ తెరవకూడదని కూడా వినపడుతుంది. "ఎగువ తలుపులు, దిగువ తలుపులు ఒకేసారి తెరిచి ఉండకూడదు", ఇదీ సంగతి. ఒక దీర్ఘం, ఒక "ఒకేసారి", ఇంతలోనే పడవ మునుగుతుంది. నాకు తెలిసి మన పనిలో సగం ఇదే.

ఇప్పుడు కాయితం మీద గళ్ళు గీయి. ఎగువ తలుపులు తెరిచి/మూసి, దిగువ తలుపులు తెరిచి/మూసి, గదిలో నీళ్ళు పైన/మధ్య/కింద, పడవ ఎగువన/లోపల/దిగువన. 2×2×3×3, మొత్తం 36 గళ్ళు, ఒక్కోటీ చూసి ఇది పర్లేదా కాదా అని రాసుకుంటూ పో. పదో గడికో పదకొండో గడికో ఆగుతావు, దిగువ తలుపులు మూసే ఉన్నాయి, గదిలో నీళ్ళు కింద ఉన్నాయి, ఎగువ తలుపులు తెరిచి ఉన్నాయి. మన నియమం ప్రకారం తప్పు లేదు! కానీ కాలవ మొత్తం ఒక్కసారి పడవ మీద పడుతుంది. అంటే మట్టాలు సమానమయ్యాకే తలుపు తియ్యాలన్న రెండో నియమం మనం రాయనే లేదు. ఇంకోటి, అన్ని తలుపులూ ఎప్పటికీ మూసి ఉంచినా రెండు నియమాలూ నిలుస్తాయి, పడవ మాత్రం కదలదు. అందుకే "వచ్చిన పడవ ఎప్పటికైనా దాటాలి" అని వేరే రాయాలి. చెడు జరగకూడదన్నది సేఫ్టీ, మంచి ఎప్పటికైనా జరగాలన్నది లైవ్‌నెస్, లెస్లీ లాంపోర్ట్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1977లో పెట్టిన పేర్లు.

ఇలాంటి నియమాలు రాయడానికి ఆయన చేసిన భాష టీఎల్ఏ ప్లస్‌తో వాడే మోడల్ చెకర్ అనే ప్రోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది, 36 బదులు కోట్ల గళ్ళు ఓపిగ్గా చూస్తుంది. అమెజాన్ ఇంజినీర్లు 2015లో రాశారు, వాళ్ళ డైనమోడీబీ అనే డేటాబేస్‌లో దాంతో దొరికిన ఒక తప్పు బయటపడాలంటే కనీసం 35 అడుగులు ఒక వరసలో పడాలట, టెస్టింగ్‌లో, రివ్యూల్లో ఎవరికీ దొరకలేదు. మనిషి 35 అడుగులు మనసులో ఎలా పట్టుకుంటాడు చెప్పు.

ప్రోగ్రామ్ నియమాల్ని తప్పదని గణితంతో నిరూపణ అయిపోయాక కూడా నమ్మకం ఎక్కడ పెట్టావో రాయాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఎస్ఈఎల్4 అనే, ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్‌ని 2009లో నిరూపించారు, దాదాపు 8,700 లైన్ల సీ కోడ్‌కి రెండు లక్షల లైన్ల నిరూపణ. నాకు అంతకంటే నచ్చింది ఏంటంటే కంపైలర్ (కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) సరిగ్గా ఉందనీ హార్డ్‌వేర్ సరిగ్గా ఉందనీ అనుకుంటున్నాం అని వాళ్ళే విప్పి చెప్పారు. ఏరియన్ 5 రాకెట్‌కి అదే లోపించింది, ఏరియన్ 4 కోసం రాసిన కోడ్‌లో అడ్డం వేగం ఇంతకి మించదన్న లెక్క పాత రాకెట్‌కి నిజం, కొత్తదానికి కాదు, 1996 జూన్ 4న 64 బిట్ల సంఖ్య 16 బిట్లలో పట్టక ఎగిరిన దాదాపు 40 సెకన్లకే రాకెట్ పేలిపోయింది.

కాబట్టి మూడో పేజీ ఒక్కటీ మళ్ళీ రాసి పంపు, మిగతావి తర్వాత చూస్తా. "వెంటనే", "తగిన", "అవసరమైతే" అని ఎక్కడున్నా గుండ్రం చుట్టి పక్కన అంకె రాయి, అంకె తెలియకపోతే ఎవర్ని అడగాలో రాయి. పేజీ చివర "మేం అనుకుంటున్నవి" అని హెడింగ్ పెట్టి సెన్సార్ నెలకి ఎన్నిసార్లు కడుగుతారన్న దగ్గర్నుంచి మొదలుపెట్టు. మీ నాన్నని అడుగు, ఆయన చెరువు మీద కరెంటు పోయాక జనరేటర్ అందుకోవడానికి నిజంగా ఎన్ని నిమిషాలు పడుతుందో, కంపెనీవాడు చెప్పింది కాదు, ఆయన గడియారం పెట్టుకుని చూసింది.

ఆశీస్సులతో,
నీ బాబాయ్