పేరు పెట్టేముందు ఓటు ఎవరిదో చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మనీ పాలనావ్యవస్థ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం సాఫీగా నడిచింది, సంతోషం. అయితే మొదటి పేరాలోనే అక్కడి రాష్ట్ర ప్రభుత్వాల సభ బుండెస్‌రాట్‌ను "జర్మనీ రాజ్యసభ" అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని తర్వాతి పేరాలన్నీ దారి తప్పాయి.

మన రాజ్యసభ సభ్యుణ్ణి శాసనసభ్యులు ఎన్నుకుంటారు. పార్టీ విప్ సంగతి కాసేపు పక్కన పెడితే, ఆరేళ్లపాటు అతని ఓటు అతనిదే. తెలంగాణ సభ్యులు ఏడుగురూ ఏడు దారుల్లో పోయినా సభ ఆ ఓట్లను విడివిడిగానే లెక్కిస్తుంది. బుండెస్‌రాట్‌కు అసలు ఎన్నికలే లేవు. అక్కడ కూర్చునేది 16 రాష్ట్రాల మంత్రులు, వాళ్లను పంపేదీ వెనక్కి పిలిచేదీ ఆయా రాష్ట్ర ప్రభుత్వాలే. మొత్తం 69 ఓట్లు. ఒక రాష్ట్రానికి ఎన్ని ఓట్లున్నా అన్నీ ఒకే మాటగా పడాలని 1949 నాటి రాజ్యాంగం 51వ అధికరణం చెబుతుంది.

ఈ నియమాన్ని చెప్పి ఊరుకోకు, అది తెగిన రోజును చూపించు. 2002 మార్చి 22న వలస చట్టం ఓటింగుకు వచ్చింది. బ్రాండెన్‌బుర్గ్‌లో అప్పుడు ఉన్నది రెండు పెద్ద పార్టీల సంకీర్ణం. సభాధ్యక్షుడు క్లౌస్ వోవెరైట్ ఆ రాష్ట్రం పేరు పిలవగానే ఒక పార్టీ మంత్రి ఔనన్నాడు, రెండో పార్టీకి చెందిన రాష్ట్ర హోంమంత్రి యోర్గ్ షోన్‌బోమ్ కాదన్నాడు. అధ్యక్షుడు ముఖ్యమంత్రి (ఈ మాట మాత్రం అక్కడికి చక్కగా సరిపోతుంది) మాన్‌ఫ్రెడ్ ష్టోల్పెను మళ్లీ అడిగితే ఆయన ఔనన్నాడు. షోన్‌బోమ్ తన అభిప్రాయం అధ్యక్షుడికి తెలుసునన్నాడు. బ్రాండెన్‌బుర్గ్ నాలుగు ఓట్లూ అనుకూలమేనని వోవెరైట్ ప్రకటించగానే సభ గగ్గోలెత్తింది, ఎందుకంటే చట్టం నెగ్గడానికి కావలసిన 35 నిండింది ఆ నాలుగుతోనే. రాష్ట్రం ఒకే మాట చెప్పలేదు కాబట్టి ఆ చట్టం చెల్లదని డిసెంబరు 18న రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఈ ఒక్క ఘట్టం నీ మూడు పేరాల నిర్వచనాల కంటే ఎక్కువ చెబుతుంది.

రాష్ట్రాల సరిహద్దుల గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. బెర్లిన్‌నూ బ్రాండెన్‌బుర్గ్‌నూ కలపాలన్న ప్రతిపాదనను 1996 మే 5న ప్రజల ముందు పెడితే బెర్లిన్ ఒప్పుకుంది, బ్రాండెన్‌బుర్గ్ ఒప్పుకోలేదు, అంతటితో అది ఆగిపోయింది. ఇక్కడ 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించినా పార్లమెంటు దాన్ని ఆమోదించింది, ఎందుకంటే మన రాజ్యాంగం మూడో అధికరణం శాసనసభ అభిప్రాయం అడగమంటుందే తప్ప సమ్మతి కోరదు. పోలిక కావాలంటే ఇక్కడ పెట్టు. విభజన ఎవరికి నచ్చిందీ ఎవరికి నచ్చనిదీ మాత్రం ఈ వ్యాసంలోకి లాగకు.

అక్కడి ప్రభుత్వాధినేత ఛాన్సలర్‌ను దించే పద్ధతి మీద రాసిన పేరా ముట్టుకోవద్దు. కొత్తవారిని ఎన్నుకోకుండా ఉన్నవారిని దించలేరన్న షరతును, 1982 అక్టోబరు 1న ష్మిత్ దిగి కోల్ ఎక్కిన రోజుతో చెప్పడం బాగా కుదిరింది. మిగిలినది తిరగరాసి పంపు, ఈసారి బుండెస్‌రాట్‌ను బుండెస్‌రాట్ అనే పిలువు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి