చేతులెత్తడం మానేసిన తరగతి

చిరంజీవికి ఆశీస్సులు.

ఈ ఏడాది ఆరు నుంచి ఎనిమిది తరగతులు నీకిచ్చారని తెలిసి రాస్తున్నాను. ప్రశ్న అడగ్గానే ఎగబడి చేతులెత్తిన పిల్లలే ఇప్పుడు తలొంచుకుని కూర్చుంటారు. మనసు చివుక్కుమంటుంది. 10 నుంచి 14 ఏళ్ల మధ్య చదువంటే సరదా తగ్గి విసుగు పెరగడం చాలామందిలో కనిపించేదే. దాన్ని పొగరనుకోకు.

కారణాలు కొన్ని ఒంట్లోనే ఉన్నాయి. ఈ వయసులో రాత్రి నిద్ర పట్టే వేళ ఆలస్యమవుతుంది, బడి గంట మాత్రం మారదు. అందుకే మొదటి పీరియడ్‌లో కొత్త పాఠం ఎత్తుకోకు, చేతిపని ఉన్న అభ్యాసాలు పెట్టు. ఇంకో కారణం, అందరూ తననే చూస్తున్నారన్న భావన. మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కిండ్ 1967లోనే దీని గురించి రాశారు. తప్పు జవాబు కంటే తోటివాళ్ల నవ్వుకే వాళ్లు ఎక్కువ జడుస్తారు.

చదువులో కలిగే భావోద్వేగాల మీద మనస్తత్వవేత్త రైన్‌హార్డ్ పెక్రున్ చెప్పిన సిద్ధాంతం నీకు బాగా పనికొస్తుంది. పిల్లవాడి మనసులో రెండు ప్రశ్నలుంటాయి: ఇది నా వల్ల అవుతుందా, ఇది నాకెందుకు? కావాలని ఉండి, తన వల్ల కాదేమో అనిపిస్తే భయం. ఎందుకో తెలియకపోతే విసుగు.

"బోర్ కొడుతోంది" అన్నవాళ్లందరికీ ఒకే మందు వేయకు. నోట్‌బుక్ తీసి చూడు. లెక్క గబగబా ముగించి పక్కవాణ్ణి కదిలిస్తున్నాడంటే పాఠం వాడికి తేలికైపోయింది. మళ్లీ వివరిస్తే విసుగు రెట్టింపవుతుంది, అదే సూత్రంతో ఓ చిక్కు లెక్క ఇవ్వు. బోర్డు మీదిది ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుని, కింది లెక్కలో మొదటి మెట్టు దగ్గరే కొట్టివేతలు కనిపిస్తే, వాడిది విసుగు కాదు, అర్థంకాకపోవడం. సగం చేసిన లెక్క ఇచ్చి మిగతాది పూర్తి చేయించు.

ప్రశ్న వేశాక కనీసం 3 సెకన్లు ఆగు. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించిన ప్రకారం ఉపాధ్యాయులు మామూలుగా ఒక్క సెకను దగ్గరే ఆపేస్తారు. ముందు 2 నిమిషాలు రాయనివ్వు, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకోనివ్వు, ఆ తర్వాతే పేరు పిలువు. మరీ బెరుకుగా ఉండే పిల్లకు "నాలుగోది నిన్నడుగుతానమ్మా" అని ముందే చెప్పు. మార్కులు పైకి చదవొద్దు, పేపర్లు బోర్లించి ఇవ్వు.

ఎవరైనా కోపంతో ఎదురు తిరిగితే అందరి ముందు వాదనకు దిగకు. తోటివాళ్లు చూస్తుండగా ఆ వయసువాళ్లు వెనక్కి తగ్గలేరు. గొంతు తగ్గించి, "తర్వాత మాట్లాడదాం" అని పాఠం కొనసాగించు. పీరియడ్ అయ్యాక ఒంటరిగా పిలిచి, ముందు వాళ్ల మాట విను.

శుక్రవారం పేరు లేని చీటీలు రాయించు: ఈ వారం ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ భయమేసింది? సోమవారానికి ఒక్కటైనా మార్చి, వాళ్ల మాట వల్లే మార్చానని చెప్పు. లేదంటే మూడో వారానికి ఖాళీ చీటీలే వస్తాయి.

ఒకటి మాత్రం వయసు మీదకు నెట్టేయకు. 2 వారాలకు పైగా దిగాలుగా ఉండి, ఆటా తిండీ స్నేహాలూ వదిలేస్తే ఇంట్లోవాళ్లతో, కౌన్సెలర్‌తో మాట్లాడు. చచ్చిపోవాలనుందన్న మాట వినిపిస్తే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు. ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా, ఆ గంటలోనే పెద్దలకు చెప్పు.