సావిత్రి గురించి రాయాలంటే ముందు సావిత్రిని చూడాలి

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. పాత సినిమాల మీద, ఆ తొలితరం నటీనటుల మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపించింది. చేతిలో భాష ఉంది, చదివించే గుణమూ ఉంది. అందుకే మొహమాటం లేకుండా ఒక మాట చెప్తాను. సావిత్రి మీద రాసిన ఆ ఎనిమిది పేజీల్లో ఆమె పెళ్ళి ఉంది, ఆస్తులు కరిగిపోవడం ఉంది, 1981 డిసెంబరులో ఆమె పోయిన తీరు ఉంది. నటన గురించి మాత్రం "కళ్ళతోనే నటించేది" అన్న ఒక్క వాక్యమే ఉంది. అదీ నీ వాక్యం కాదు, అందరూ అనేదే. ఏ సినిమాలో, ఏ సన్నివేశంలో ఆ కళ్ళు ఏం చేశాయో నువ్వు చెప్పలేదు.

2018లో ఆమె జీవితకథ సినిమాగా వచ్చాక ఆ విషాదం ఇప్పటి పిల్లలకి కూడా తెలిసిపోయింది. దాన్ని మళ్ళీ చెప్పడానికి నువ్వు అక్కర్లేదు. ఆమె ఏం పని చేసిందో చెప్పడానికి కావాలి.

'మిస్సమ్మ' చూసే ఉంటావు. 1955. ఆ పాత్రకు ముందు భానుమతిని అనుకున్నారని, తర్వాత సావిత్రికి వచ్చిందని అందరూ చెప్పే కథే, నువ్వూ చెప్పావు. ఆ పాత్రలో సావిత్రి ఏం చేసిందో చూడు. సినిమాలో చాలా భాగం ఆ అమ్మాయి చిరాగ్గానే ఉంటుంది. ఇష్టంలేని నాటకం ఆడుతోంది, ఉద్యోగం కోసం ఎవరో తెలియని మనిషికి భార్యనని చెప్పుకుంటోంది. ప్రేమకథలో కథానాయిక అంతసేపు విసుక్కుంటుంటే ప్రేక్షకుడు దూరమైపోతాడు. మనం దూరం కాము. ఎందుకు కాము? ఆ విసుగు వెనక భయం ఉందని, డబ్బు అవసరం ఉందని ఆమె ఎక్కడో ఒకచోట తెలియజేస్తూనే ఉంటుంది. ఆ చోట్లు పట్టుకుని రాస్తే వ్యాసం అవుతుంది.

తర్వాత 'మాయాబజార్' పెట్టుకో. 1957. అందులో సావిత్రి చేసింది నిజానికి రెండు పాత్రలు. ఒకటి బలరాముడి కూతురు శశిరేఖ. రెండోది శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఈ రెండోదాని కష్టం కాస్త ఆలోచించు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా ఎలా నిలబడతాడో, ఎలా నవ్వుతాడో ప్రేక్షకుడు అప్పటికే చూసేశాడు. ఇప్పుడు ఆ ఆకారం తెరమీద ఉండదు, సావిత్రి ఉంటుంది. లోపల ఉన్నది రాక్షసుడని, వాడు తనకి ఏమాత్రం అలవాటు లేని ఆడపిల్ల సిగ్గు ఒలకబోస్తున్నాడని ఆమె ఒంటితో చూపించాలి. 'అహ నా పెళ్ళంట' పాటని ముందు మామూలుగా చూడు. సుశీల గొంతు సాగుతున్నంతసేపూ నడక, చేతులు ఒకరకం. ఘంటసాల గొంతు అందుకునేసరికి నిలబడే తీరే మారిపోతుంది. భుజాలు విచ్చుకుంటాయి, అడుగులో బరువు వస్తుంది. మళ్ళీ క్షణంలో ఏమీ ఎరగనట్టు పెళ్ళికూతురైపోతుంది. ఇప్పుడు సౌండు పూర్తిగా తీసేసి అదే పాట చూడు. గొంతులు లేకపోయినా ఎక్కడ రాక్షసుడు, ఎక్కడ పెళ్ళికూతురు నీకు తెలిసిపోతుంది. నేపథ్యగాయకులు మోసినదెంత, సావిత్రి మోసినదెంత అన్నది అక్కడ తేలుతుంది. అలా సౌండు లేకుండా చూసిన తర్వాత ఏం కనిపించిందో వెంటనే కాగితం మీద పెట్టు. "అద్భుతం", "అనితరసాధ్యం" లాంటి మాటలు వస్తుంటే ఆపేసి, ఆమె ఏం చేసిందో అది మాత్రమే రాయి.

రంగారావుని కూడా ఇలాగే వరసలో పెట్టుకుని చూడాలి. 1951లో 'పాతాళభైరవి' మాంత్రికుడు, 1957లో ఘటోత్కచుడు, 1963లో 'నర్తనశాల' కీచకుడు. కీచకుడి పాత్రకి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో బహుమతి వచ్చిందని రాస్తే ఒక సమాచారం చెప్పినట్టే, తప్పులేదు. కానీ మాంత్రికుడిలోని దురాశ, కీచకుడిలోని కామం రెండూ చెడ్డవే అయినా ఒకదానికొకటి ఏమాత్రం పోలికలేకుండా అదే ముఖంతో ఎలా చేశాడన్నది నువ్వు చూసి చెప్పాల్సిన విషయం. ఘటోత్కచుడైతే రాక్షసుడే, పైగా పసిపిల్లాడి సరదా. అంత భారీ మనిషి తెరమీద తేలిగ్గా కనిపించడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక ఇంకాస్త వెనక్కి వెళ్ళినప్పుడు నీకు ఇబ్బంది వస్తుంది, ఆ సంగతి నీ వ్యాసంలోనే కనిపించింది. ముప్పైల, నలభైల సినిమాల్లో "అంతా అతినటన" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది తొందరపాటు. వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో చూడు. మన తొలి టాకీ, అంటే తొలి మాటల సినిమా, 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసిన సురభి కమలాబాయి పేరులోనే సురభి నాటక సమాజం ఉంది. మైకు లేని పందిట్లో, ఆఖరి వరసలో నేలమీద కూర్చున్న మనిషికి కూడా పద్యం వినపడాలి, ముఖంలో భావం కనపడాలి. అలా ఏళ్ళ తరబడి తయారైన గొంతు, తయారైన చెయ్యి కెమెరా ముందుకి వచ్చాయి. పైగా పాడేదీ వాళ్ళే, నటించేదీ వాళ్ళే. మైకు ఎక్కడుందో దానికి తగ్గట్టు నిలబడాలి, పాట మధ్యలో తప్పుపోతే మళ్ళీ మొదటినుంచి. ఆ పరిస్థితిలో ఎదురుగా నిలబడి గొంతెత్తి చెప్పడం వాళ్ళకి చేతకానితనం కాదు, చేతనైన విద్య. కన్నాంబ డైలాగు వినేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకో. 1947 నాటి 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మగా ఆమె మాట్లాడుతుంటే ప్రతి అక్షరం విడివిడిగా వినపడుతుంది. ఇప్పటి నటుల్లో అలా వినపడే గొంతులు నువ్వు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

వాళ్ళందరి మధ్య చిత్తూరు నాగయ్య ఎందుకు వేరుగా నిలిచాడో అప్పుడు అర్థమవుతుంది. 1942లో 'భక్త పోతన', 1946లో 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన'. ఆయనా రంగస్థలం మీద పాడినవాడే. కానీ కెమెరా దగ్గరగా ఉన్నప్పుడు గొంతు పెంచనక్కర్లేదని, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడితే చాలని ఆయన పట్టుకున్నాడు. 'యోగి వేమన'లో అన్నకూతురు పోయిన తర్వాత ఆ దుఃఖాన్ని ఆయన ఎంత తక్కువ చేసి చూపిస్తాడో గమనించు. వేమన విరాగి కావడం మనం నమ్మేది అక్కడే. నా మట్టుకు నాకు తెలుగులో సినిమా నటన అనేది నాటకం నుంచి విడివడి తన కాళ్ళమీద నిలబడింది నాగయ్యతోనే. దీనితో ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, వాళ్ళతో నేను వాదించడానికి సిద్ధమే.

భానుమతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1951లో 'మల్లీశ్వరి' వచ్చేనాటికి మరొకరి గొంతుకి పెదవులు కదపడం మామూలైపోయింది. అందులో ఎన్టీ రామారావుకి ఘంటసాల పాడాడు. భానుమతి మాత్రం తన పాటలు తనే పాడుకుంది. ఇద్దరూ కలిసి పాడే చోట వాళ్ళ మెడల కేసి చూడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, పాటలో ఏ స్వరాల మెలిక దగ్గర గొంతు బిగుస్తుందో ఆమెకి తెలుసు, అది ముఖంలో కనిపిస్తుంది. రామారావు మంచి నటుడు కాబట్టి లోటు తెలియనివ్వడు, కానీ తేడా ఉంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, రాజేశ్వరరావు వరసలు అంత అందంగా ఉండటంతో మనం పాటలో పడిపోయి ఇది చూడం.

చూసే ముందు ఒక చిన్నపని చెయ్యి. మన ఇళ్ళలో టీవీలు వెడల్పు. ఆ సినిమాలేమో దాదాపు నాలుగుకి మూడు కొలతలో తీసినవి. తెలుగులో సినిమాస్కోపు, అంటే వెడల్పు తెర సినిమా, 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. పాత సినిమాని సాగదీసి తెర నిండా పెట్టుకుంటే సావిత్రి ముఖం సావిత్రి ముఖంలా ఉండదు. సెట్టింగ్సులోకి వెళ్ళి మార్చుకో, రెండు పక్కలా నల్లగా ఉంటే ఉండనీ. అలాగే 'మాయాబజార్' రంగుల్లో 2010లో వచ్చింది, ఇష్టమైతే అదీ చూడు, కానీ ముందు నలుపు తెలుపులో చూడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెలుగునీడలతోనే ఆలోచించి తీశాడు. 'లాహిరి లాహిరి' పాటలో నీళ్ళ మీద ఆ వెన్నెల అలా పరుచుకోవడం ఆయన సాధించిన పని, దానికి రంగు అవసరం రాలేదు.

ఇంకో సంగతి. చూడటానికి మిగిలినవి చాలా తక్కువ. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. అప్పటి ఫిల్ము నైట్రేటుది, తేలిగ్గా అంటుకునే సరుకు. దానిమీద వెండి ఉండేది, ఆడటం అయిపోయిన ప్రింట్లని వెండి కోసం కరిగించినవాళ్ళూ ఉన్నారు. పుణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవ్ 1964లో గానీ రాలేదు. ఈ లెక్కన, ఉన్నవాటిని చూడకుండా లేనివాటి మీద పేజీలు నింపడం నాకు బాధగా ఉంటుంది. లేనిదాన్ని గురించి రాయాల్సి వస్తే ఆధారం చూపించు. 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ ఒకరిని చూసి ఒకరు రాశారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తేల్చాడు. నీ వ్యాసంలో ఆ పాత తేదీయే ఉంది. దిద్దుకో.

పాతది కాబట్టి గొప్పదని మాత్రం రాయకు. 1962 నాటి 'గుండమ్మ కథ' నాకు ఇష్టం, సూర్యకాంతం కోసం ఎన్నిసార్లైనా చూస్తాను. గయ్యాళి అని ముద్రపడిన ఆ పాత్రలో కూతురి మీద పిచ్చి ప్రేమనీ, ఎవరూ తనని మెచ్చుకోవడం లేదన్న గుబులునీ ఆమె చూపించింది. కానీ ఆ కూతురిగా జమున వేసిన సరోజ పాత్రని "దారికి తెచ్చే" భాగం ఇవాళ నాకు మింగుడుపడదు. అది కూడా రాయాలి. సూర్యకాంతాన్ని మెచ్చుకున్న కలంతోనే రాయాలి. లేకపోతే నీ మెప్పుకి విలువుండదు. ఆ రోజుల్లో అంతేలే అని దాటేయకు, ఎందుకంటే 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశాడు, చలం కథ, తాపీ ధర్మారావు వాడుక భాషలో రాసిన మాటలు, కాంచనమాల నాయిక. కులం గురించి అంత సూటిగా మాట్లాడిన వాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. జీవితచరిత్ర మొత్తం తీసేసి, 'మిస్సమ్మ' నుంచి ఒకటి, 'మాయాబజార్' నుంచి ఒకటి, రెండే సన్నివేశాలు తీసుకుని వ్యాసం మళ్ళీ రాయి. నాలుగు పేజీలు చాలు. మీ అమ్మమ్మగారు 'మాయాబజార్' హాల్లో చూశారని రాశావు. ఈలోగా ఆవిడ దగ్గర కూర్చుని ఏ ఊళ్ళో, ఏ హాల్లో, ఎవరితో వెళ్ళి చూశారో, ఎక్కడ జనం ఈలలు వేశారో అడిగి ఆవిడ మాటల్లోనే రాసుకో. దాన్ని వ్యాసంలో కలపకు, విడిగా పంపించు, అది వేరే వ్యాసానికి పనికొస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ లాంటి ఒక రచయిత్రి