టీవీ ఏది కొనాలి: అమెరికాకి కొత్తగా వచ్చిన నెల్లూరు, ఒంగోలు వాళ్లకి

నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చిన పిల్లలు అపార్ట్‌మెంట్ తాళాలు చేతికి రాగానే అడిగే ప్రశ్న ఒకటుంది. అన్నా, శాంసంగ్ మంచిదా సోనీ మంచిదా, టీసీఎల్ చౌకగా ఉంది, తీసుకోవచ్చా అని. మాది కావలి, డాలస్‌లో స్థిరపడి చాలాకాలమైంది. కంపెనీ పేరొక్కటే చూసి డబ్బు పెట్టొద్దని అందరికీ చెప్తుంటాను. లోపల ప్యానెల్, అంటే బొమ్మ కనబడే తెర, ఏంటో, ఇంట్లో దాన్ని ఎవరు ఏం చూస్తారో చూసుకుని కొనండి.

సోనీ తన ఓఎల్ఈడీ (చుక్కలు సొంతంగా వెలిగే తెర) ప్యానెళ్లు తాను తయారు చేయదు, ఎల్జీ, శాంసంగ్‌ల ప్యానెల్ కంపెనీల దగ్గర కొని బొమ్మని సర్దే తన ప్రాసెసర్ పెడుతుంది. ఆ ప్రాసెసర్‌కి విలువ ఉంది. పాత తెలుగు సినిమాలు, నెట్ సరిగ్గా లేనప్పుడు మసకగా వచ్చే వీడియోలు దాంట్లో చూడబుద్ధేస్తాయి, మొహాల రంగు సహజంగా ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఎక్కువ ఉంటుంది. టీసీఎల్‌ని చైనా సరుకని తీసిపారేస్తారు గానీ దానికి సొంత ప్యానెల్ ఫ్యాక్టరీలున్నాయి. నన్నడిగితే టీసీఎల్, హైసెన్స్‌ల మినీ ఎల్ఈడీ (తెర వెనక బోలెడు చిన్నచిన్న లైట్లు భాగాలుగా వెలిగి ఆరేవి) సెట్లు అదే డబ్బుకి పెద్ద పేర్ల మామూలు ఎల్ఈడీ కంటే మంచి బొమ్మ ఇస్తాయి.

చాలామంది తికమకపడేది క్యూఎల్ఈడీ దగ్గర. పేరు ఓఎల్ఈడీలా వినిపిస్తుంది గానీ అది వెనక లైటు వెలిగే ఎల్‌సీడీయే, రంగుల కోసం క్వాంటమ్ డాట్ అనే సన్నటి కణాల పొర అదనం. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తాను వెలిగి ఆరుతుంది కాబట్టి చీకటి సీన్లో నలుపు నిజంగా నలుపే. అయితే అమ్మానాన్న వచ్చి ఆరునెలలుండే ఇల్లయితే ఒకసారి ఆలోచించండి. మన న్యూస్ ఛానెళ్లు పొద్దున్నుంచీ రాత్రిదాకా నడుస్తాయి, మూల లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ కదలకుండా గంటలకొద్దీ అక్కడే ఉంటాయి, ఏళ్ల తరబడి అలా పెడితే ఓఎల్ఈడీ మీద ఆ గుర్తు పడిపోయే ప్రమాదం ఉంది. అలాంటి ఇంటికి మినీ ఎల్ఈడీ నయం.

క్రికెట్ కోసమైతే 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 సార్లు బొమ్మ మార్చే ప్యానెల్ అడగండి. డబ్బా మీద ‘మోషన్ రేట్ 120’ అని ఉంటే చాలదు, శాంసంగ్‌లో ఆ మాటున్నదాని అసలు ప్యానెల్ 60 హెర్ట్జే. శాంసంగ్‌లో డాల్బీ విజన్ (సీను సీనుకీ వెలుతురు, రంగులు సర్దే పద్ధతి) ఉండదు, దానికదే పెద్ద లోపం కాదులెండి.

షాపులో టీవీలన్నీ వెలుతురు పూర్తిగా పెంచేసి ఉంటాయి, ముందు నిలబడి మురిసిపోకండి. సోఫా చివర కూర్చునేవాళ్లలా పక్కకి జరిగి చూడండి, కొన్ని ప్యానెళ్లలో అక్కణ్ణుంచి ఎర్రచీర వెలిసినట్టు కనబడుతుంది. ఇంటికొచ్చాక పిక్చర్ మోడ్ ‘వివిడ్’లో ఉంటే ‘సినిమా’కో ‘ఫిల్మ్‌మేకర్’కో మార్చండి.

లీజు అయ్యాక ఏ ఊరు వెళ్తారో తెలియనివాళ్లకి మొదటి ఏడాది 55 అంగుళాలది చౌకగా చాలు. నవంబరులో ధరలు బాగా తగ్గుతాయి. కానీ ఆ సేల్ కోసమే చేసిన నాసిరకం మోడళ్లూ ఉంటాయి, మోడల్ నంబరు చివరి అక్షరం దాకా సరిచూసుకోండి. డాలస్‌లో బిల్లు మీద 8.25 శాతం పన్ను అదనం. మెంబర్‌షిప్ కట్టి కొనే పెద్ద షాపు కాస్ట్కోలో టీవీకి రెండేళ్ల వారంటీ, 90 రోజుల్లో వెనక్కిచ్చే వీలుంది, మెంబర్‌షిప్ ఉంటే నేను అక్కడే కొనమంటాను.

ఇక ఇండియాలో ఇంటికి ఇక్కణ్ణుంచి టీవీ పట్టుకెళ్లాలనే ఆలోచన మాత్రం దయచేసి మానేయండి. 43 అంగుళాల డబ్బాయే మామూలు చెకిన్ బ్యాగేజీ కొలత 158 సెంటీమీటర్లు దాటుతుంది. ఫ్లాట్ టీవీలకి సుంకం మినహాయింపు 2013 ఆగస్టులోనే తీసేశారు, చెన్నైలో దిగగానే డ్యూటీ టెన్షన్. ఇక్కడి టీవీలో ఛానెళ్లు పట్టే ట్యూనరు అమెరికా ప్రసారాలకి చేసింది, కొన్ని మోడళ్లు 120 వోల్టులకే పనిచేస్తాయి, కావలిలో పెడితే 230 వోల్టులకి కాలిపోతాయి. పాడైతే వారంటీ కోసం మళ్లీ డాలస్‌కే చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నాన్నకి డబ్బు పంపి నెల్లూరు ట్రంకురోడ్డులోనో ఒంగోలులోనో కొనిపించండి. అక్కడ మాత్రం ముందు అడగాల్సింది సర్వీసు గురించి: మా ఊరికి మెకానిక్ వస్తాడా, ఎన్ని రోజుల్లో వస్తాడు అని. కరెంటు ఎగుడుదిగుళ్లున్న ఊరైతే స్టెబిలైజరు కూడా తీసుకోమనండి, బిగించేవాడు వెళ్లకముందే వీడియో కాల్ చేయించుకుని అమ్మకి రిమోట్‌లో ఏ మీట దేనికో ఆ కాల్‌లోనే చూపించండి.