ఆ లైబ్రరీని విడిగా ప్యాకేజీ చెయ్యాలా?

ప్రశ్న: తెలుగు పదాల్ని అక్షరాలుగా విడగొట్టే చిన్న ప్రోగ్రాం రాశాను, డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో పెట్టాలని ఆశ. అది సి ప్లస్ ప్లస్‌లో ఇంకొకరు రాసిన లైబ్రరీ మీద నడుస్తుంది, ఆ లైబ్రరీ డెబియన్‌లో లేదు. దాన్ని షేర్డ్ లైబ్రరీగా, అంటే ప్రోగ్రాములన్నీ ఉమ్మడిగా వాడుకునే ఒకే కాపీగా, విడిగా ప్యాకేజీ చెయ్యాలా, నా సోర్స్‌లోనే కలిపేసుకోవాలా? కలిపేస్తే ఒప్పుకోరని ఒకరు, విడిగా చేస్తే జీవితాంతం చాకిరీ అని ఇంకొకరు భయపెడుతున్నారు.

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారండీ. కలిపేసుకోవద్దని డెబియన్ పాలసీలోనే ఉంది, ఊరికే పెట్టిన రూలు కాదు. 2002లో జడ్‌లిబ్ అనే, డేటాని కుదించే లైబ్రరీలో ఒకే మెమరీని రెండుసార్లు ఫ్రీ చేసే లోపం బయటపడినప్పుడు, షేర్డ్‌గా వాడుకున్న ప్రోగ్రాములకు లైబ్రరీ ఒక్కటి అప్‌డేట్ చేస్తే సరిపోయింది. సొంత కాపీ కడుపులో దాచుకున్నవాటిని మాత్రం ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాల్సి వచ్చింది.

అలాగని వెంటనే షేర్డ్‌గా చేసెయ్యమని అనను. ముందు దాన్ని బిల్డ్ చేసి, రీడ్‌ఎల్ఫ్ అనే కమాండ్‌తో సోనేమ్ చూడండి, అంటే లైబ్రరీ ఫైల్ లోపల వెర్షన్ అంకెతో రాసి ఉండే పేరు. అసలు లేకపోయినా, ఎన్ని మార్పులొచ్చినా అదే సున్నా దగ్గర కూర్చున్నా, రచయిత ఏబీఐ గురించి ఆలోచించలేదన్నమాట.

ఏబీఐ అంటే బ్రహ్మపదార్థమేం కాదు, కంపైల్ అయిన ప్రోగ్రాముకీ లైబ్రరీకీ మధ్య ఏది ఎక్కడ ఉంటుందన్న ఒప్పందం. ఒక స్ట్రక్ట్‌లో (కొన్ని విలువల్ని వరసగా కలిపి దాచేది) పొడవు, వెడల్పు ఉన్నాయనుకోండి, కొత్త వెర్షన్‌లో వాటి మధ్య రంగు అని ఇంకొకటి ఇరికించారు. మీ ప్రోగ్రాం మళ్లీ కంపైల్ కాలేదు కాబట్టి వెడల్పు కోసం పాత చోటే తడుముతుంది, అక్కడ ఇప్పుడు రంగు ఉంది. ఎర్రర్ కూడా రాకపోవచ్చు, ఏదో చెత్త అంకె పట్టుకుని హాయిగా నడిచిపోతుంది. ఇలాంటిదాన్ని పట్టుకోడానికి ఒకసారి నాకు ఆదివారం మొత్తం పోయింది, తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని. సి ప్లస్ ప్లస్‌లో ఇంకా టెన్షన్, క్లాసు మధ్యలో ఒక వర్చువల్ ఫంక్షన్ చేర్చినా కొంప మునుగుతుంది.

ఇలా ఏబీఐ తెగినప్పుడల్లా సోనేమ్ మార్చాలి, దానితో ప్యాకేజీ పేరూ మారాలి, లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 కాస్తా లిబ్‌ఎస్ఎస్ఎల్3 అయినట్టు. కొత్త పేరంటే మళ్లీ న్యూ క్యూలో (కొత్త ప్యాకేజీల్ని పరిశీలించే వరస) నిలబడటం, దాని మీద ఆధారపడ్డవన్నీ తిరిగి బిల్డ్ చేయించడం, రిలీజ్ టీమ్‌తో మాట్లాడుకోవడం. మీ ఒక్క ప్రోగ్రాం కోసం ఇంత సంసారం దేనికి?

మీ ఇద్దరు సలహాదారులూ వదిలేసిన దారి ఇంకోటుంది. ఇంటర్‌ఫేస్ ఇంకా కుదురుకోని లైబ్రరీని స్టాటిక్‌గా (బిల్డ్ చేసేటప్పుడే ప్రోగ్రాంలో కలిసిపోయేలా) మాత్రమే ఇవ్వడానికి పాలసీ ఒప్పుకుంటుంది. అంటే సోర్స్ ప్యాకేజీ విడిగానే ఉంటుంది, అందులోంచి డెవ్ ప్యాకేజీ (బిల్డ్ చెయ్యడానికి కావాల్సిన ఫైళ్లుండేది) ఒక్కటే వస్తుంది. లైబ్రరీలో లోపం సరిచేసిన ప్రతిసారీ మీ ప్రోగ్రాం కూడా మళ్లీ బిల్డ్ అవ్వాలి, అది మర్చిపోకండి. మీ సంగతి విన్నంతవరకు నా ఓటు దీనికే. రేపు ఇంకో రెండు మూడు ప్రోగ్రాములు అదే లైబ్రరీ కావాలని వస్తే, రచయిత కూడా సోనేమ్ సరిగ్గా పెంచుతానని ఒప్పుకుంటే, అప్పుడు సింబల్స్ ఫైల్ (లైబ్రరీ ఇచ్చే ఫంక్షన్లు ఏ వెర్షన్ నుంచి ఉన్నాయో చెప్పే జాబితా) రాసుకుని షేర్డ్‌కి మారొచ్చు. ఆయనకు ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి. ఐటీపీ (దీన్ని నేను ప్యాకేజీ చేస్తానని ముందే చెప్పే నోటీసు) వేసే ముందు డబ్ల్యూఎన్‌పీపీ జాబితా (చేస్తున్న, చెయ్యాల్సిన ప్యాకేజీల పట్టిక) కూడా చూడండి, ఇంకెవరైనా ఇదే లైబ్రరీ మొదలుపెట్టి ఉండొచ్చు.