బ్యాండ్ సా బిళ్ళ గురించి, బుజ్జీకి

బుజ్జీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు విజయవాడ ఆటోనగర్‌లో పాత బ్యాండ్ సా, అదే, చక్రాల మీద బ్లేడు పట్టీలా తిరిగే రంపం మిషన్, కొని గుంటూరు తీసుకెళ్లావని, బల్ల మధ్యలో బ్లేడు దిగే గుంతని మూసే బిళ్ళ లేదని, దాన్ని నువ్వే చేసుకుంటానన్నావని చెప్పాడు. మా వంశంలో మళ్లీ ఒకళ్లు చెక్క పట్టుకున్నారని సంబరపడ్డాను, ఆ సంబరంలోనే టెన్షన్ కూడా మొదలైంది, ఇక నిద్రెక్కడిది. అయినా ఆటోనగర్ దాకా వచ్చినదానివి, పక్కనే పటమటలో ఉన్న మా ఇంటికి రాకుండా పోతావా? మీ పెద్దమ్మ ఇంకా అలిగే ఉంది. ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం. నేను వచ్చి చూసేదాకా ఆగమంటే నువ్వు ఆగవు కాబట్టి రాస్తున్నా.

ముందు ప్లగ్ పీకు. స్విచ్ ఆపితే చాలదు, పీకేయాలి. కరెంటు పోయినప్పుడు స్విచ్ ఆపడం మర్చిపోయి, గుంతలో చెయ్యి పెట్టి కొలతలు తీస్తూ ఉంటావు, ఆ వచ్చే కరెంటు నిన్ను అడిగి రాదు. కరెంటు పోగానే దానంతటదే పడిపోయి, మళ్లీ బటన్ నొక్కితేగానీ లేవని స్టార్టర్లు ఉంటాయి. నీ మిషన్‌కి అది లేకపోతే బిళ్ళ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించు. డబ్బులు నేనిస్తా, మీ నాన్నని అడగొద్దు.

బిళ్ళ కూర్చునే అంచు మీద ఏళ్ల తరబడి పొట్టు, జిగురు గట్టిపడి ఉంటుంది, గీకి శుభ్రం చెయ్యి, లేకపోతే లోతు తప్పు వస్తుంది. వెడల్పు రెండు వైపుల నుంచి కొలువు, పాత మిషన్లలో గుంత సరిగ్గా గుండ్రంగా ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక దేంతో చెయ్యాలి? బీసెంట్ రోడ్డులో కూరగాయలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక దొరుకుతుంది చూడు, అది బంగారంలాంటి సరుకు. చెక్క జారుతుంది, చెమ్మకి ఉబ్బదు, బ్లేడు తగిలినా పళ్లకి ఏమీ కాదు. ప్లైవుడ్డూ మంచిదే, కానీ వానాకాలంలో ఉబ్బి గుంతలో బిగుసుకుంటుంది, కాస్త వదులుగా చేసుకో. అల్యూమినియం అయితే లేత్ వాడి దగ్గర తిప్పించుకోవాలి. అక్రిలిక్ చూడ్డానికి బాగుంటుంది గానీ బీటలిస్తుంది. ఇనప రేకు మాత్రం వద్దు. ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు. ఎందుకో చెప్తా విను.

నేను పాటర్న్ పని నేర్చుకున్న షెడ్డులో, ఫౌండ్రీలకి చెక్క అచ్చులు చేసే షెడ్డు అది, ఒక పెద్దాయన ఉండేవాడు. అందరం బాబాయ్ అనేవాళ్లం. గీత మీద కోస్తే గీత సగం ఇటూ సగం అటూ మిగిలేది, అంత చెయ్యి. ఒకసారి బ్లేడు మారుస్తుంటే అల్యూమినియం బిళ్ళ ఎక్కడో పోయింది. ఓనరు కొత్తది కొనకుండా, పక్క షెడ్డు వెల్డర్‌తో ఇనప రేకు గుండ్రంగా కోయించి అందులో పెట్టించాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు మందపాటి టేకు వంపు తిప్పుతుంటే బ్లేడు పక్కకి ఒరిగి రేకుని తాకింది. కీచుమంటూ నిప్పురవ్వలు, కొత్త బ్లేడుకి ఒక వైపు పళ్లన్నీ మొండి. ఓనరుకి కోపం వచ్చి రేకు పీకి విసిరేశాడు, కొత్త బిళ్ళ మాత్రం తేలేదు. బిళ్ళ లేకపోతే మిషన్ తిరగదా ఏంటి అన్నాడు. తిరుగుతుంది, అదే కదా బాధ.

అప్పటి నుంచి బల్ల మధ్యలో పిడికెడు గుంత, దాన్లో బ్లేడు. పెద్ద చెక్క కోసేటప్పుడు ఆ గుంత ఉన్నట్టే తెలియదు. చిన్న ముక్కలతోనే గొడవ, అవి ఒరిగి గుంతలో పడి బ్లేడుకీ అంచుకీ మధ్య ఇరుక్కునేవి. బాబాయ్ మిషన్ ఆపి వేలితో గిల్లి తీసేవాడు. ఆ సాయంత్రం కూడా ఆపాడు. కానీ బ్యాండ్ సా చక్రాలు బరువైనవి, స్విచ్ ఆపాక కూడా కాసేపు తిరుగుతూనే ఉంటాయి. పక్కన గ్రైండర్ మోతలో ఆ చప్పుడు వినపడలేదు. పైన ట్యూబులైటు. చోకు ఉన్న పాత ట్యూబులైటు మన 50 సైకిళ్ల కరెంటుకి సెకనుకి 100 సార్లు మినుకుతుంది, కంటికి తెలియదంతే. ఆ వెలుతుర్లో, పళ్ల వేగం కుదిరిందంటే, తిరిగే బ్లేడు నిలబడిపోయినట్టే కనపడుతుంది. ఆగిందనుకుని వేలు పెట్టాడు.

కుడిచేతి చూపుడు వేలు, పై కణుపు దాకా పోయింది. అరవలేదు, నా తువ్వాలు అడిగాడంతే. మానాక మళ్లీ పనిలోకి వచ్చాడు గానీ మధ్యాహ్నం క్యారేజీ విప్పి అన్నం కలుపుకునేటప్పుడు ఆ వేలు ఒక్కటీ పైకెత్తి పెట్టుకునేవాడు, తాకితే జివ్వుమనేదట. నాకు ఆ ఎత్తిన వేలు ఇప్పటికీ కనపడుతుంది తల్లీ, నిన్న రాత్రీ కనపడింది. అందుకే మిషన్ దగ్గర ట్యూబులైటు ఒక్కటే ఉంచకు, లోపల తీగ వెలిగే పాతకాలం బల్బు ఒకటి పెట్టించు. ముక్క ఇరుక్కుంటే తలుపు తీసి చక్రం ఆగిందో లేదో కళ్లారా చూసి, అప్పుడు కూడా పుల్లతో తియ్యి. నీ వేలు వెళ్లాల్సిన పని అక్కడ ఏదీ లేదు.

సరే, పనిలోకి వద్దాం. గుండ్రంగా కోయడానికి బిళ్ళ లేని బ్యాండ్ సానే వాడకు, చేతి రంపంతో గీత బయట కోసి, ఆకురాయితోనో శాండ్‌పేపర్‌తోనో గీత దాకా తే. బిళ్ళ బల్లకి సమానంగా ఉండాలి, మరీ అయితే వెంట్రుకవాసి కిందకి ఉండొచ్చు, పైకి మాత్రం రాకూడదు. స్టీలు స్కేలు బల్ల మీద జరిపి చూడు, ఎక్కడా తట్టకూడదు. లోతు ఎక్కువైతే అంచు మీద టేపు పొరలు వేసుకో. బిళ్ళ అడుగు కింది గైడ్లకి, అంటే బ్లేడుని పక్కకి పోకుండా పట్టి ఉంచేవాటికి, తగలకూడదు, ఇది చాలామంది చూసుకోరు.

బిళ్ళలో బ్లేడు పట్టే చీలిక ఇలా చెయ్యి. ముందు పల్చటి ప్లైవుడ్డుని బ్లేడులోకి మధ్య దాకా కోసి, మిషన్ ఆపి, గుంత మీద అలాగే బిగించు, దాని మీద బిళ్ళని రెండు చేతులతో, వేళ్లు పక్కలకి పెట్టి, బ్లేడులోకి మెల్లగా మధ్య దాకా తోయి. ఆపు. పూర్తిగా ఆగనివ్వు. ప్లగ్ పీకి, బిగింపు తీసి, ప్లైవుడ్డు నీ వైపుకి లాగేసి, బిళ్ళని అలాగే గుంతలోకి దించు. చీలిక బ్లేడు వెనక వైపు ఉంటుంది, పళ్ల ముందు మూసి ఉంటుంది. తర్వాత పక్కలని ఆకురాయితో ఓ అర మిల్లీమీటరు వదులు చెయ్యి, మరీ బిగుతైతే పొట్టు కిందికి పోక చక్రాల మీది రబ్బరు టైర్ల మీద గడ్డ కడుతుంది. బిళ్ళ తిరగకుండా అంచున చిన్న పిన్ను ఉంటే మేలు. వెడల్పు బ్లేడుకి వేరే బిళ్ళ, బల్ల వంచి కోసేందుకు ఇంకోటి కావాలి, ఒకటే అన్నిటికీ చాలదు.

నువ్వు బొమ్మలు చేస్తానన్నావట. కొండపల్లి వాళ్లలా తెల్లపొణికి కోస్తే, అది మెత్తటి చెక్క, కింద ఆధారం లేకపోతే అడుగున పీచు లేస్తుంది. వాళ్లు చేతులు, కాళ్లు విడిగా చేసి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు అనే ముద్దతో అతుకుతారు, అంటే నీకూ అన్నీ చిన్న ముక్కలే. మరీ చిన్నవి కోసేటప్పుడు ఆ ప్లైవుడ్డే బల్ల మీద పరిచి వాడుకో, బిళ్ళ కంటే అదే నయం.

ఈ రాత్రికి గుంత వెడల్పు, లోతు, బ్లేడు వెడల్పు వాట్సాప్ చెయ్యి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తియ్యి. ఇక్కడ లేత్ దగ్గర అల్యూమినియం బిళ్ళ ఒకటి తిప్పించి ఉంచుతా. నీదే బాగుంటే నాది స్పేరుగా పెట్టుకో. ఆదివారం మీ పెద్దమ్మా నేనూ వస్తున్నాం. ఈలోగా మిషన్ ఆన్ చెయ్యొద్దంటే వినవు, చేస్తే ఇంట్లో ఇంకెవరైనా ఉన్నప్పుడే చెయ్యి, చున్నీ తీసేసి, జుట్టు ముడేసుకుని.

మీ పెదనాన్న