సిగ్నల్ దగ్గర వెనక నుంచి గుద్దారు, ఎవరి ఇన్సూరెన్స్ వాడాలి?

మీ ప్రశ్న ఇదీ: సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీ కారును క్యాబ్ వెనక నుంచి గుద్దింది. బంపర్, డిక్కీ డోర్, ఒక టెయిల్ ల్యాంప్ పోయాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డ్రైవర్ ఐదు వేలు ఇస్తా, వదిలేయమంటున్నాడు. తప్పు అతనిదైనప్పుడు నా పాలసీ ఎందుకు వాడాలి అంటున్నారు.

న్యాయంగా అడిగారు. కానీ మన దగ్గర తప్పు ఎవరిదన్నది ఒక లెక్క, బిల్లు ఎవరు కడతారన్నది ఇంకో లెక్క. క్యాబ్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి నా బిల్లు కట్టండి అంటే కట్టరు. వాళ్ల థర్డ్ పార్టీ కవర్ (ఆ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా) నుంచి రాబట్టాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. బంపర్ కోసం వకీలు ఫీజు, వాయిదాలు ఎందుకు చెప్పండి? మీ ఓన్ డ్యామేజ్ కవర్‌కైతే (మీ సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా) తప్పు ఎవరిదన్న దానితో పని లేదు. మీరే గోడకు గుద్దినా ఇస్తారు.

తప్పు సంగతి కూడా జనం అనుకున్నంత తేలిక కాదు. వెనకవాడిదే తప్పు అనడం చాలాసార్లు నిజమే. 2018లో సుప్రీంకోర్టు, ముందు ట్రక్కుకు 10-15 అడుగుల దూరంలోనే వెళ్తున్న కారుదే తప్పంది. 2025లో ఇంకో కేసులో మాత్రం, హైవే మీద ఏ సూచనా లేకుండా సడన్ బ్రేక్ వేసిన కారుకు 50 శాతం, వెనకొచ్చిన బస్సుకు 30, కారును వెనక నుంచి ఢీకొన్న బైకర్‌కు 20 శాతం బాధ్యత పంచింది. మీ కారు ఆగే ఉంది కాబట్టి మీకు ఈ గొడవ లేదు. అయినా సాక్ష్యం ఉంచుకోండి: రెండు బండ్ల నంబర్ ప్లేట్లు ఒకే ఫ్రేములో, రోడ్డు మీద పడ్డ గాజు ముక్కలు, సిగ్నల్ స్తంభం కనిపించేలా దూరం నుంచి ఒక ఫొటో. అవతలివాళ్ల లైసెన్స్, ఆర్‌సీ, పాలసీ కాగితాలు ఫొటో తీసుకోండి. అక్కడ పోలీసులు లేకపోతే 24 గంటల్లో స్టేషన్‌లో చెప్పాలి. ఎఫ్‌ఐఆర్ కట్టకపోయినా జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబర్ అడగండి.

ఇప్పుడు అసలు లెక్క. కారు వయసు మూడేళ్లు దాటింది, ఇంజిన్ 1200 సీసీ, బంపర్ టు బంపర్ (భాగాలు పాతబడ్డాయని కోత వేయకుండా ఇచ్చే అదనపు కవర్) లేదు అనుకుందాం. బంపర్ 9,000, ల్యాంప్ 6,000: ప్లాస్టిక్ కాబట్టి సగం కోత. డిక్కీ డోర్ 14,000: మూడు నుంచి నాలుగేళ్ల మధ్య రేకుకు 25 శాతం కోత. లేబర్ 4,000 పూర్తిగా ఇస్తారు. పెయింటింగ్ 8,000లో పావు వంతు మెటీరియల్ అని లెక్కేసి అందులో సగం, అంటే 1,000 తీసేస్తారు. మొత్తం బిల్లు 41,000, కోత 12,000, పైన తప్పనిసరి డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరించాల్సిన మొత్తం) 1,000 (1500 సీసీ దాటితే 2,000). చేతికొచ్చేది 28,000, జేబులోంచి 13,000. బంపర్ టు బంపర్ ఉంటే దాదాపు ఆ డిడక్టిబుల్ ఒక్కటే మీ వంతు.

తప్పు మీది కాకపోయినా ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే డిస్కౌంట్) మాత్రం పోతుంది. ఇక్కడే అందరూ పొరబడతారు, ఒక్క ఏడాది నష్టమే చూస్తారు. ఇప్పుడు 35 శాతం ఉంటే, క్లెయిమ్ చేయకపోతే వచ్చే రెన్యువల్‌కు 45, ఆ తర్వాత 50. చేస్తే సున్నా నుంచి మొదలై 20, 25, 35, 45. తేడాలు వరుసగా 45, 30, 25, 15, 5, మొత్తం 120 శాతం. డిస్కౌంట్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 9,000 అయితే ఐదేళ్లలో పోయేది సుమారు 10,800. 28,000 వస్తుంటే క్లెయిమ్ చేయండి. అదే పది, పన్నెండు వేల గీతలైతే చేతి నుంచే పెట్టుకోవడం మేలు.

ఆ ఐదు వేలు తీసుకుని "ఇక ఏ క్లెయిమూ లేదు" అని కాగితం రాసిస్తే మాత్రం మీ కంపెనీ కూడా అడ్డం తిరగొచ్చు. అతనిమీద రాబట్టుకునే హక్కు వాళ్లకు పోతుంది కదా. తీసుకుంటే ఆ మొత్తం క్లెయిమ్‌లో చెప్పండి, దాచకండి.

కంపెనీకి అదే రోజు చెప్పండి. సర్వేయర్ (నష్టం అంచనా వేసే మనిషి) చూసేదాకా బంపర్ విప్పనివ్వకండి, షెడ్డువాళ్లు తొందరపడి విప్పేస్తారు. విప్పాక లోపల ఇంకేదైనా బయటపడితే సప్లిమెంటరీ సర్వే అడగాలి. దెబ్బ కారు ముందు భాగానికి తగిలితే ఇంకో జాగ్రత్త: రేడియేటర్ కారుతుంటే బండి నడపకూడదు, టోయింగే చేయించాలి. వేడెక్కి ఇంజిన్ సీజ్ అయితే అది ప్రమాదం వల్ల కాదు, నడపడం వల్ల అని కొట్టేస్తారు. సెకండ్ హ్యాండ్ కారై, పాలసీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే ఓన్ డ్యామేజ్ రాదు.

ఒకవేళ మెడ నొప్పి గానీ ఇంకేదైనా దెబ్బ గానీ తర్వాత బయటపడితే కథ మారుతుంది. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసు కేసుల కోసం డాక్టర్ రాసే రికార్డు) రాయించండి, ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి చేసుకోండి. ట్రిబ్యునల్‌లో పిటిషన్‌కు చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన ఆరు నెలలు. మీరు ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు.

మీ కంపెనీ కొర్రీ పెడితే ముందు వాళ్ల గ్రీవెన్స్ సెల్‌కు రాతపూర్వకంగా రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు.